పెరట్లో పొడుగు కాళ్ల పురుగు: స్ప్రే కొట్టకండి

ప్రశ్న: మాది కావలి. న్యూజెర్సీ వచ్చి ఐదు నెలలైంది. పెరట్లో షెడ్డు గోడ మీద దారాల్లాంటి కాళ్ల సాలీళ్లు గుంపుగా పట్టి ఉన్నాయి. పక్కింటాయన ‘డాడీ లాంగ్ లెగ్స్’ అన్నారు. వాటికి చాలా విషమట, పళ్లు పొట్టివి కాబట్టి మనుషుల్ని కుట్టలేవట. నిజమేనా? మూడేళ్ల పాప ఉంది, టెన్షన్‌గా ఉంది. స్ప్రే కొట్టించమంటారా?

జవాబు: వద్దమ్మా. వచ్చిన కొత్తలో నేను కొట్టాను. తేళ్లు తిరిగే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, ఎనిమిది కాళ్లు కనబడితే చెయ్యి చెప్పు మీదికే పోతుంది. మర్నాడు గోడ కింద రాలిపడ్డవాటిని ఊడ్చాను. అవేమిటో తెలుసుకున్నాక చాలా బాధపడ్డాను.

అది సాలీడు కాదు. సాలీడుకు సన్నటి నడుం ఉంటుంది. దీనికి నడుమే లేదు, ఒళ్లంతా మినపగింజలా ఒకటే ముద్ద. వీపు మీద చిన్న మిట్ట, దానికి అటొక కన్ను, ఇటొక కన్ను. గూడు అల్లదు, అసలు దారమే తీయలేదు. విషగ్రంథులూ లేవు. ఆ విషం మాట ఉత్త పుకారు. బేస్‌మెంట్ మూలల్లో గూడు కట్టే ఒక సాలీడునీ ఇదే పేరుతో పిలుస్తారు, అందుకే ఈ గందరగోళం. దానికి విషం ఉన్నా మనుషులకు ప్రమాదం లేదు.

దీని అసలు పేరు హార్వెస్ట్‌మన్, అంటే కోతలవాడు. మన నెల్లూరు పక్క వరికోతలు సంక్రాంతి దాటాక కదా, ఈ చలిదేశాల్లో కోతలు ఎండాకాలం చివర. పెద్ద పురుగులు బాగా కనబడేదీ అప్పుడే. చలి ముదిరితే చాలా రకాలు చచ్చిపోతాయి, మట్టిలో పెట్టిన గుడ్లు వసంతంలో పిల్లలవుతాయి.

చీకటి పడ్డాక టార్చి వేసి పాపకు చూపించండి. రెండో జత కాళ్లు అన్నిటికన్నా పొడుగు. చూపు ఆనని పెద్దాయన చేతికర్రతో తడుముకున్నట్టు వాటితో నేలను తడుముతూ నడుస్తుంది. కాసేపు ఆగి, సూదికి ఎక్కించే ముందు దారాన్ని పెదాల మధ్య లాగినట్టు, ఒక్కో కాలినీ నోట్లోంచి లాగి శుభ్రం చేసుకుంటుంది. ఆ పని నేను ఎన్నిసార్లు చూశానో! గుంపు మీద ఊపిరి తగిలితే అన్నీ ఒక్కసారిగా పైకీ కిందకీ ఊగుతాయి.

పాపని పట్టుకోనివ్వకండి, పాప కోసం కాదు, దాని కోసం. కాలు పట్టుకుంటే ఊడి చేతిలోనే కొట్టుకుంటుంది. బల్లి తోకలా మళ్లీ రాదు. చిక్కుడు తీగ మీది పేనుబంక, చచ్చిన పురుగులు, రాలిన పండ్లు తిని బతికే ప్రాణి అది. షెడ్డు తలుపు దగ్గర మరీ అడ్డమైతే మెత్తటి చీపురుతో పొదల కిందికి మళ్లించండి, చాలు.

మీరు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. నల్లగా మెరుస్తూ, పొట్ట కింద ఎర్రటి డమరుకం గుర్తున్న సాలీడు బ్లాక్ విడో. పేర్చిన కట్టెల్లో గ్లౌజులు లేకుండా చెయ్యి పెట్టకండి. న్యూజెర్సీలో లైమ్ జబ్బు ఎక్కువ, దాన్ని తెచ్చేది గడ్డిలో ఉండే పిడుదులు. పాప ఆడి వచ్చాక చెవుల వెనక, జుట్టులో, మోకాళ్ల మడతల్లో రోజూ వెతకండి.