మధ్యలో లేని కేంద్రకం

కర్నూలు

నాయనా,

కణ కేంద్రకం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. చదివించేలా రాశావు. కానీ రెండో పేజీలో "న్యూక్లియస్ అంటే మధ్యలో ఉండేది, అందుకే కేంద్రకం అన్నారు" అన్నావే, అక్కడ నా మనసు చివుక్కుమంది.

న్యూక్లియస్ లాటిన్ మాట. నక్స్ అంటే పెంకు ఉన్న కాయ, అందులోని పప్పు న్యూక్లియస్. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల పైపొరను సూక్ష్మదర్శినిలో చూసి, కణాల్లో కనిపించిన గుండ్రటి మచ్చకు ఆ పేరు వాడాడు. నడిమధ్య అనే అర్థం ఆ మాట మూలంలో లేదు, కేంద్రకం అన్న మన పేరులో ఉంది. ఆ కేంద్రం కూడా గ్రీకు నుంచి జ్యోతిషం వెంట సంస్కృతంలోకి వచ్చిందే. అక్కడ కెంట్రాన్ అంటే ఎద్దును పొడిచే ములుగర్ర మొన!

నువ్వు ఉల్లిపొర చూడకుండా రాశావని నాకు తెలిసిపోయింది. మన మార్కెట్‌లో బస్తాలకు బస్తాలు ఉల్లిగడ్డలు దిగుతాయి కదా. ఒకటి తెచ్చి పలుచని పొర ఒలిచి, అయోడిన్ చుక్క వేసి చూడు. కణమంతా రిక్తిక, అంటే నీళ్లు నిండిన సంచి లాంటిది, పరుచుకుని, కేంద్రకాన్ని గోడవారకు నెట్టేసి ఉంటుంది.

ఇరవై ఆరేళ్ల వయసులో నేనూ దీని మీదే రాశాను, కేంద్రకాన్ని బుడ్డల (వేరుశనక్కాయల) పప్పుతో పోల్చి. ఒక వారపత్రిక సంపాదకుడు "శాస్త్రానికి గౌరవం ఉండాలి" అని ఆ పేరా కొట్టేసి సమాసాలు నింపాడు. అచ్చయింది మా నాయనకు చదివి వినిపిస్తే "ఇది నువ్వు రాసిందేనా?" అన్నాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఈ కాలం పత్రికలు సమాసాల చోట ఇంగ్లీషు నింపుతున్నాయి, అంతే తేడా.

వ్యాసంతో పెట్టిన జాబులో రాశావు: అమ్మ విత్తనానికి బుడ్డలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని రాశాననీ, పైపొర చిట్లితే మొలవదని ఆమె ఒక్కో కాయనూ బొటనవేలితో మెల్లగా నొక్కుతుందనీ. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అది వ్యాసంలో ఎందుకు లేదు? లాటిన్‌లో న్యూక్లియస్ అన్నది మీ అమ్మ చేటలోనే ఉంది కదా!

ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. ముందు అమ్మను అడుగు, కాయ పగిలాక చేతిలోకి వచ్చేదాన్ని ఆమె ఏమంటుందో. పప్పు అంటుందా, గింజ అంటుందా, విత్తనం అంటుందా? ఆ మాటతో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో