టెక్ సందేహాలు: మార్చిన టోన్ మాయమైందా?

ప్రశ్న: పెళ్లి కచేరీల్లో కీబోర్డు వాయిస్తాను. వీణ టోన్‌ను రాత్రంతా కూర్చుని నాకు నచ్చినట్టు మార్చుకున్నా. మర్నాడు ఆన్ చేస్తే మళ్లీ పాత శబ్దమే! సర్వీసుకివ్వాలా? లేక ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపిన 'వెయ్యి ఇండియన్ టోన్లు' ప్యాక్ వేసుకోనా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సర్వీసు అక్కర్లేదు. ఈ ఫిర్యాదు పండగల ముందు, పెళ్లిళ్ల సీజన్‌లో తప్పకుండా వస్తుంది. చాలా కీబోర్డుల్లో మీరు నాబ్ తిప్పినప్పుడు మారేది తాత్కాలిక మెమరీలో ఉన్న నకలు మాత్రమే. 'రైట్' లేదా 'స్టోర్' నొక్కి, యూజర్ బ్యాంకులో (సొంత టోన్లు దాచుకునే చోటు) ఒక నంబరు ఎంచుకుంటేనే అది నిలుస్తుంది. కరెంటు పోనక్కర్లేదు, పొరపాటున పక్క టోన్ బటన్ తగిలినా మీ రాత్రి కష్టం గోవిందా. సేవ్ కాలేదని చెప్పడానికి తెర మూలన ఒక చిన్న అక్షరమో, చుక్కో కనిపిస్తుందంతే. స్టేజీ లైట్ల మధ్య దాన్ని ఎవరు చూస్తారు? ఫోన్‌లో సగం రాసి వదిలేసిన మెయిల్ కూడా డ్రాఫ్టులో భద్రంగా ఉంటోంది. వేలకు వేలు పోసి కొన్న వాయిద్యానికి 1980ల నాటి అలవాటు ఇంకా ఎందుకో!

ఈసారి సేవ్ చేసే ముందు ఎటాక్ (శబ్దం పూర్తి స్థాయికి చేరే సమయం) సున్నాకు దగ్గరగా, డికే (అక్కడి నుంచి తగ్గే సమయం) పొడవుగా, సస్టెయిన్ (కీ నొక్కి ఉంచితే నిలిచే శబ్దం) బాగా తక్కువగా పెట్టండి. మీటిన తీగ అలాగే పలికి అణుగుతుంది. ఫిల్టర్ కటాఫ్‌ను (శబ్దంలో పదును ఎంతవరకు వినిపించాలో చెప్పే హద్దు) వెలాసిటీకి (కీని నొక్కే బలం) కలిపితే, గట్టిగా నొక్కిన స్వరమే ఖంగుమంటుంది. పిచ్ బెండ్ (వీల్‌తో స్వరాన్ని పైకీ కిందకీ జార్చడం) మామూలుగా అటూ ఇటూ రెండు సెమిటోన్లే (పక్కపక్క కీల మధ్య తేడా ఒక సెమిటోన్) ఉంటుంది. వీణ మీద తీగ లాగి అంతకంటే ఎక్కువే పలికిస్తారు కాబట్టి నాలుగు పెట్టి చూడండి. వీల్ కాస్త చురుగ్గా కదులుతుంది, చేయి అలవాటు పడాలి. రివర్బ్ (హాల్లో వినిపించే ప్రతిధ్వని లాంటిది) మాత్రం చివర్లో కలపండి. ముందే పోస్తే టోన్‌లో లోపాలు వినిపించవు.

ఇక ఆ ప్యాక్. నా టెన్షనంతా దాని గురించే. టోన్లు పంపుకోవడానికి వాడే మిడి సిస్‌ఎక్స్ ఫైలులో ఉండేది సెట్టింగుల డేటా. 1983లో వచ్చిన ఒక ప్రసిద్ధ కీబోర్డుకు 32 టోన్ల బ్యాంకు మొత్తం 4,104 బైట్లే. శాంపిళ్లుంటే (రికార్డు చేసిన శబ్దాలు) సైజు పెరగడం సహజమే, కానీ అవీ ఉత్త ఆడియో ఫైళ్లే, ప్రోగ్రాములు కావు. అలాంటప్పుడు మీ ప్యాక్‌లో ఈఎక్స్‌ఈ ఫైలు (కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్) ఉంటే, టోన్లు ఎక్కించడానికి అదెందుకు? దాన్ని రన్ చేసే ముందు 'యాంటీవైరస్ ఆపేయండి' అని చెప్పారంటే, అడిగేది టోన్ల కోసం కాదు. మీ ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు అలాంటి చోటే పోతాయి. ఎడిటర్ సాఫ్ట్‌వేర్ కావాలంటే తయారీదారు సొంత సైట్ నుంచే దించుకోండి. కీబోర్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌కూ అంతే.

ఆ ఈఎక్స్‌ఈని ఇప్పటికే ఓపెన్ చేసి ఉంటే నెట్ ఆపేయండి. వేరే పరికరం నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను కొత్తగా వేయించండి.

ప్యాక్‌లో ఉన్నది మీ మోడల్‌కు చెందిన అసలైన బ్యాకప్ ఫైలే అయినా తొందరపడకండి. 'ఆల్ డేటా' లోడ్ చేస్తే మీ యూజర్ టోన్ల మీద అవతలివాళ్లవి వచ్చి కూర్చుంటాయి. ముందు మీవి పెన్‌డ్రైవ్‌లోకి తీసి, దాని కాపీ ఇంకోచోట పెట్టాకే లోడ్ బటన్ మీద చేయి వేయండి.