పొగ గాలి, ఆయాసం, బీమా

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. హైదరాబాద్‌లో రద్దీ రోడ్డు పక్కనే ఉంటాం. ఆయనకు సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉంది. చలికాలంలో ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చవలసి వస్తోంది. ఆరోగ్య బీమా లేదు. ఇప్పుడు తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: తీసుకోవచ్చు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం బీమా సంస్థలు అన్ని వయసులవారికీ ఆరోగ్య పాలసీలు అందుబాటులో ఉంచాలి. అయితే ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని గడువు) విధించే వీలుంది కనుక, మీ నాన్నగారి ఆయాసానికి ప్రైవేటు పాలసీ వెంటనే అక్కరకు రాకపోవచ్చు. అలాగని దరఖాస్తులో జబ్బు సంగతి దాచిపెడితే తరువాత క్లెయిమే తిరస్కరణకు గురవుతుంది.

అంతకంటే ముందు కేంద్ర ప్రభుత్వ పథకమైన ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి. 70 ఏళ్లు నిండినవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, జాబితాలోని ఆసుపత్రులలో కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఇన్‌పేషెంట్ (ఆసుపత్రిలో చేరి పొందే) చికిత్స ఇందులో లభిస్తుంది. పాత జబ్బులకు నిరీక్షణ కాలం లేదు.

అసలు చిక్కు మరొకచోట ఉంది. ఇన్‌హేలర్లు, ఓపీ ఫీజులు నెలనెలా చేతినుంచే పెట్టుకోవలసిన ఖర్చులు. కుటుంబాన్ని మెల్లగా కుంగదీసేవి ఇవేనని నా అభిప్రాయం. వీలైన మందులు జన ఔషధి దుకాణాల్లో కొనండి. బీమా లేని వృద్ధుల వైద్య ఖర్చుకు ఆదాయపు పన్ను పాత విధానంలో 50,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది. నగదుగా చెల్లిస్తే వర్తించదు.

చలికాలపు తెల్లవారుజామున పొగ నేలకు దగ్గరగా నిలిచిపోతుంది. ఆయన నడకను ఎండ వచ్చాకకు మార్చండి.