ఏడిస్తే ఎమోషన్, అరిస్తే లాజిక్కా?

ప్రశ్న: ఇల్లు కొనడమైనా, ఉద్యోగం మారడమైనా, పెద్ద విషయం ఏది మాట్లాడబోయినా మా ఆయన "నువ్వు ఎమోషనల్ అయిపోతావు, ఆడవాళ్లకి లాజిక్ ఉండదు" అని అరిచి లేచి వెళ్లిపోతారు. నాకేమో ఏడుపొచ్చేస్తుంది, దాంతో ఆయన మాటే నిజమైనట్టుంటుంది. మొన్న ఎనిమిదేళ్ల మా బాబు పడి ఏడిస్తే "ఆడపిల్లలా ఏంటది" అన్నారు. నిజంగా నాకే ఆలోచన తక్కువా?

జవాబు: తక్కువేం కాదు. మీరు రాసిందే ఇంకోసారి చదువుకోండి, అరిచిందీ మాట మధ్యలో లేచి వెళ్లిందీ ఆయన. మరి అదేం లాజిక్కండీ? కోపం కూడా ఎమోషనే, కాకపోతే మగవాడికి వస్తే దాన్ని ఎవరూ ఆ లెక్కలో వెయ్యరు.

ఈ చూపు పసితనం నుంచే మొదలవుతుంది. 1976లో జాన్ కాండ్రీ, సాండ్రా కాండ్రీ అనే పరిశోధకులు ఒకే పసిబిడ్డ వీడియోని అందరికీ చూపించి, కొందరికి బాబని, కొందరికి పాపని చెప్పారు. పెట్టెలోంచి బొమ్మ ఒక్కసారిగా పైకి లేస్తే బిడ్డ ఏడుస్తుంది. బాబనుకున్నవాళ్లకు అందులో కోపం ఎక్కువ కనిపించింది, పాపనుకున్నవాళ్లకు భయం. ఏడుపు మాత్రం అదే!

పోనీ ఎమోషన్ లేకపోతే బుర్ర బాగా పనిచేస్తుందా అంటే అదీ లేదు. నరాల వైద్యుడు ఆంటోనియో డమాసియో దగ్గరికి వచ్చిన ఒక రోగికి మెదడు ముందు భాగం దెబ్బతిని భావాలు మొద్దుబారాయి, తెలివికేం లోటు లేదు. మళ్లీ ఎప్పుడొస్తారని రెండు తేదీలు చెబితే, ఏది మంచిదో తేల్చుకోలేక దాదాపు అరగంట లాభనష్టాలు బేరీజు వేస్తూనే ఉన్నాడట.

కాబట్టి ఏడుపు ఆపుకోవడం మీద మీ శక్తంతా పెట్టకండి. మాట్లాడేముందు మీ పాయింట్లు, ఖర్చుల లెక్కలు కాగితం మీద రాసుకోండి. ఆయన మళ్లీ ఆ మాటంటే, "అవును, ఏడుపొస్తోంది, ఏడుస్తూనే చెబుతా, ఈ లెక్కలో తప్పుంటే చూపించండి" అనండి. గొంతులు లేస్తే ఓ అరగంట ఆపి మళ్లీ కూర్చుందామని ముందే అనుకోండి. ఆయనకీ చిన్నప్పటి నుంచి కోపం తప్ప ఇంకేదీ చూపించే వీలు దొరికి ఉండదు, ఆ జాలి ఉండొచ్చుగానీ దానికోసం మీరు నోరు మూసుకోనక్కర్లేదు. (ఆ అరుపులు మీకు భయం పుట్టించే దాకా వస్తే మాత్రం ఈ సలహాలు సరిపోవు, నేరుగా సాయం తీసుకోవాలి.)

బాబు సంగతి ఆయనతో తేలేదాకా ఆగకండి. ఈసారి వాడు ఏడిస్తే "ఎక్కడ తగిలింది, భయమేసిందా" అని అడగండి, వాడు చెప్పేదాకా పక్కనే కూర్చోండి.