ట్రాలీ వెనక సెన్సర్ పెట్టబోయే బిడ్డకు

చిరంజీవి శ్రావణికి పెద్దనాన్న ఆశీస్సులు.

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే ట్రాలీల వెనక అల్ట్రాసోనిక్ సెన్సర్లు బిగించబోతున్నావని మీ బాపు చెప్పినప్పటి నుండి నాకు గర్వం ఎంత ఉందో గుబులు అంత ఉంది. 2019 జూలై నుండి కొత్త కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి కానీ, ట్రాలీ చాటున కునుకు తీసే హమాలీ గురించి నీకు ఆలోచన రావడం నాకు సంతోషం.

వైరింగు నీకు తెలిసిందే. 40 కిలోహెర్ట్జ్ ధ్వని వెళ్లి, తగిలి, తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని ధ్వనివేగంతో గుణించి సగం చేస్తే దూరం వస్తుంది. ఆ వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, మన 45 డిగ్రీల ఎండలో దాదాపు 358. లెక్కలో దాన్ని సవరించకపోతే రెండు మీటర్ల దూరం దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు తక్కువగా కనిపిస్తుంది. దానితో ప్రమాదం లేదు.

ప్రమాదమంతా మెత్తని వస్తువులతోనే. నేను ఎలక్ట్రీషియన్‌గా ఉన్న జిన్నింగ్ మిల్లులో పత్తి తొట్టి నిండిందో లేదో తెలియడానికి ఇదే సెన్సర్‌ను పైన బిగించారు. పత్తి పోగులు ధ్వనిని మింగేస్తాయి, ప్రతిధ్వని రాదు. కోడు రాసినవారు, ప్రతిధ్వని రాకపోతే తొట్టి ఖాళీ అని చూపేలా రాశారు. ఒకనాడు తొట్టి అంచుల దాకా నిండినా తెర మీద ఖాళీ అనే ఉంది, బెల్టు పత్తిని కుక్కుతూనే పోయింది. ఒరిపిడికి కమురు వాసన రాగానే ఒక కూలీ పరుగెత్తి మెయిన్ దించకపోతే మిల్లు అంటుకునేది.

అక్కడ పత్తి ఉన్నచోట, నీ ట్రాలీ వెనక గొంగడి కప్పుకుని పడుకున్న మనిషి ఉంటాడని అనుకో, బిడ్డా. నీ సెన్సర్ అడ్డం ఉందని చెప్పగలదు కానీ, లేదని చెప్పలేదు. కాబట్టి పచ్చదీపం పెట్టనే పెట్టకు. రివర్స్ గేరు పడగానే బజర్ మోగుతూనే ఉండాలి, అడ్డం దగ్గరపడే కొద్దీ వేగంగా మోగాలి; వెనక నిలబడి చేయి ఊపే మనిషిని మాత్రం మాన్పించవద్దు. ఒక సెన్సర్‌ను తక్కువ ఎత్తులో పెట్టు, లేకపోతే నేల మీద పడుకున్నవారు దానికి చిక్కరు.

ముందు ఇంజను ఆపి, కర్రకు గొంగడి కట్టి, దాన్ని ట్రాలీ వైపు జరుపుతూ పరీక్షించు. ట్రాక్టరు కదులుతుండగా నీవు వెనక నిలబడ్డావని తెలిస్తే నేను ఊరుకోను.

ఆశీస్సులతో,
నీ పెద్దనాన్న,
హనుమకొండ