విడిపోయాక బిడ్డను విదేశానికి తీసుకువెళ్లాలంటే ఫ్యామిలీ కోర్టు ఏం చూస్తుంది?

విడాకుల తరువాత ఏడేళ్ల పాప మీ దగ్గరే ఉంటోందని, విదేశంలో ఉద్యోగం వచ్చిందని, తండ్రి ఒప్పుకోవడం లేదు కాబట్టి సెలవులకని తీసుకువెళ్లి అక్కడే ఉండిపోతే ఏమవుతుందని అడిగారు. ఇలాంటి కేసులో నేను అవతలి పక్షాన, అంటే పిల్లవాడిని పంపనని అడ్డుపడిన తండ్రిగా నిలబడ్డాను. కోర్టు తల్లికే అనుమతి ఇచ్చింది.

ముందుగా ఆ సెలవుల ఆలోచన మానుకోండి. రెండు దేశాల మధ్య 1980 నాటి హేగ్ ఒప్పందం అమల్లో ఉంటే, పదహారేళ్లలోపు బిడ్డను అవతలివారి సంరక్షణ హక్కుకు భంగం కలిగేలా విదేశంలో ఉంచేసినప్పుడు, ఏడాదిలోగా దరఖాస్తు పడితే బిడ్డను అప్పటిదాకా స్థిరంగా ఉన్న దేశానికి తిప్పి పంపడమే సాధారణ నియమం. తీవ్రమైన ప్రమాదం వంటి మినహాయింపులు ఉన్నా, కోర్టులు వాటిని అంత తేలిగ్గా ఒప్పుకోవు. భారత్ ఆ ఒప్పందంలో చేరలేదు. అలాంటి చోట ఫలితాన్ని ఊహించడం ఇంకా కష్టం.

ఇక అనుమతి కోరే దారి. 2010లో వివిధ దేశాల న్యాయమూర్తులు వాషింగ్టన్‌లో చేసిన ప్రకటన, ఇలాంటి కేసుల్లో అనుకూలంగా గానీ ప్రతికూలంగా గానీ ముందే ఒక అభిప్రాయానికి రాకూడదని, బిడ్డ శ్రేయస్సే ప్రధానమని చెప్పింది. మా విచారణలో అది కళ్లారా చూశాను. జీతాల మీదా, అక్కడి బడుల మీదా ఇరుపక్షాలూ దస్తావేజులు దొంతరగా పెట్టినా, న్యాయమూర్తి పట్టుకున్నది తల్లి పిటిషన్‌లోని ఒకే వాక్యాన్ని: తండ్రితో వారానికి రెండుసార్లు వీడియో కాల్ ఏర్పాటు చేస్తాము. ఏ రోజు, ఎన్ని గంటలకు అని న్యాయమూర్తి అడిగారు. నేను పని ముగించుకుని ఇంటికి చేరే వేళకు పిల్లవాడు అక్కడ బడిలో ఉంటాడు. వాడు ఇల్లు చేరేసరికి నాకు అర్ధరాత్రి దాటుతుంది. అవతలి లాయరు దగ్గర జవాబు లేదు, కేసు వాయిదా పడింది.

తరువాతి వాయిదాకు వచ్చిన ప్రణాళిక పూర్తిగా వేరు. కాల్స్ శని, ఆదివారాల్లో వాడికి ఉదయం, నాకు సాయంత్రం అయ్యే వేళకు మారాయి. వేసవి సెలవుల్లో సగం నా దగ్గర, విమాన ఖర్చు తల్లిది, బడి నివేదికలు నేరుగా నాకు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇవే షరతులతో ఆ దేశపు కోర్టులోనూ ఉత్తర్వు తెచ్చుకుంటామన్నారు. దీన్నే మిర్రర్ ఆర్డర్ అంటారు. ఇది లేకపోతే ఇక్కడి ఉత్తర్వు అక్కడ కాగితానికే పరిమితం కావచ్చు. దానితో నా అభ్యంతరాల్లో బలమైనవి నిలవలేదు. ఇక పట్టుబట్టడంలో అర్థం లేదని నా లాయరే అన్నారు.

కాబట్టి ఉద్యోగ పత్రం కంటే ముందు ఆ ప్రణాళికను గంటలు, తేదీలు, ఖర్చులతో సహా రాసి, తండ్రికి లాయరు ద్వారా పంపండి. ఆయన జవాబు ఏదైనా పిటిషన్‌కు జతచేయండి. వెళ్లాలనుకోవడానికి గృహహింస కూడా కారణమైతే మాత్రం వరుస మారుతుంది: ఆయనకు ఏదీ పంపకముందే లాయరుతో మాట్లాడి, ఆ విషయాన్ని ఆధారాలతో మొదటి పిటిషన్‌లోనే పెట్టండి.