బోర్డు రాయించే ముందు

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

తెనాలిలో హాలు అద్దెకు తీసుకున్నావనీ, వచ్చే నెల నుంచి ఆడపిల్లలకు జూడో నేర్పుతావనీ రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా నల్ల బెల్టు పట్టుకుని గుర్రం ఆట ఆడిన పిల్లవి! సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. పొద్దున్నే నువ్వు పంపిన బోర్డు నమూనా చూశాక మాత్రం మనసు కలవరపడింది. నీ పేరుకు ముందు పెద్ద అక్షరాలతో ‘సెన్సేయ్’ అని ఉంది.

మ్యాట్ల మధ్య సందులు లేకుండా చూసుకో. గోళ్లు తీసుకోని పిల్లను మ్యాట్ ఎక్కనివ్వకు. మొదటి నెలంతా పడటమే నేర్పు. ఇవన్నీ నీకు తెలుసు.

సెన్సేయ్ అంటే ముందు పుట్టినవారు అని అర్థం. జపానులో బడి పంతుళ్లనూ వైద్యులనూ కూడా అలాగే పిలుస్తారు. ఎవరూ తమ పేరుకు తామే తగిలించుకోరు. మనం మన పేరు చెప్పుకుంటూ ‘గారు’ చేర్చుకుంటామా? కెయికో ఫుకుదా గురించి నీకు చిన్నప్పుడే చెప్పాను. జూడోను మొదలుపెట్టిన కానో జిగోరో దగ్గరే నేర్చుకున్న మనిషి. ఆడవాళ్లకు ఐదో డాన్, అంటే నల్ల బెల్టులో ఐదో మెట్టు, దాటనివ్వని రోజుల్లో ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోయింది. 1972లో గాని ఆరోది రాలేదు. ఆవిడను సెన్సేయ్ అని పిలవడానికి శిష్యులు ఆ కాగితాల కోసం ఎదురుచూడలేదు.

నేను మాత్రం తగిలించుకున్నాను. 1987లో, ముప్ఫై ఏళ్లు నిండకముందే. అప్పటిదాకా ‘మాస్టారూ’ అంటున్న పిల్లల చేత సెన్సేయ్ అనిపించాను. నోరు జారితే ఇరవై గుంజీళ్లు. ‘నా పట్టులో పడీ పడగానే తట్టి వదలమనేవాడు నన్ను అవమానించినట్టే’ అని కూడా ఒకరోజు అన్నాను.

ఇంటర్ చదివే కుర్రవాడొకడు ఉండేవాడు, దర్జీ కొడుకు. ఒక ఆదివారం తల్లిదండ్రులందరి ముందు మోచేతిని బిగించే జూజి గతామే పట్టు చూపిస్తూ అతని చెయ్యి నా తొడల మధ్య బిగించాను. నొప్పి పుట్టగానే అరచేత్తో రెండుసార్లు తట్టాలి, తట్టగానే వదలాలి. అతను తట్టలేదు. ఇంకా ఓర్చుకోగలడు కాబోలనుకుని నడుము మరికాస్త పైకెత్తాను. మోచెయ్యి విరిగిన సంగతి చెవికన్నా ముందు నా తొడకు తెలిసింది. ఎందుకు తట్టలేదురా అని అరిచాను. ‘సెన్సేయ్ మీద తట్టడం మర్యాద కాదనుకున్నానండీ’ అన్నాడు, కళ్లనీళ్లు ఆపుకుంటూ.

మర్నాడు వాళ్ల నాన్న మా ఇంటికి వచ్చాడు. తిడతాడని గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన చేతులు జోడించి, ‘తప్పు మావాడిదే, మీరు మనసులో పెట్టుకోకండి’ అన్నాడు. ఆ నమస్కారం పుచ్చుకున్నాను, అమ్మలూ. క్షమించమని నేను అడగలేదు. ఇప్పుడు ఆయన లేడు. కొడుకు మళ్లీ మ్యాట్ ఎక్కలేదు.

నీ దగ్గరికి వచ్చేది ఆడపిల్లలు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పుట్టినప్పటి నుంచీ వింటున్నవాళ్లు. నీ హాల్లోనూ అదే వింటే, రేపు ఎవడో కోచ్‌నంటూ తప్పుగా చెయ్యి వేసినప్పుడు ఆ పిల్లకు నోరెలా పెగులుతుంది? నాకున్న భయమంతా ఇదే. కోపంగా రాస్తున్నానని అనుకోకు.

క్లాసు మొదట్లో, చివర్లో ‘రే’, అదే వంగి పెట్టే నమస్కారం, తప్పనిసరిగా చేయించు. వాళ్లు ఎంత వంగితే నువ్వూ అంతే వంగు. జోడీలు కూడా ఒకరికొకరు వంగాలి, నా ఒంటిని నీ చేతుల్లో పెడుతున్నాను, జాగ్రత్త అన్నట్టు. కానో 1882లో టోక్యోలో ఒక గుడిలో, 12 చాపల మీద కొడోకాన్ అనే తన జూడో బడి మొదలుపెట్టేనాటికి ఆయనకు ఇరవై రెండేళ్లు నిండలేదు. నీకన్నా చిన్నవాడు. ‘జితా క్యోయెయి’ అన్నాడాయన తర్వాత, నువ్వూ నేనూ కలిసి బాగుపడదామని.

బోర్డు మీద నీ పేరు చాలు. పిల్లలు అక్కా అంటే పలుకు, మేడమ్ అన్నా పలుకు. రంగులాయనకు మళ్లీ రాసినందుకు డబ్బు నేనిస్తాను.

మొదటి రోజు పొద్దున బస్సుకు వస్తాను. పిల్లల ముందు నా చెయ్యి పట్టుకుని జూజి గతామే వెయ్యి, నెమ్మదిగా. ఎలా తట్టాలో నేను చూపిస్తాను.

మీ మామయ్య